పాత పికప్‌కు తుప్పు బోల్టులు ఊడదీయడం

పదిహేనేళ్ళు దాటిన పికప్ బండి షెడ్డుకు వస్తే మేము ముందు ఇంజను మూత తీయం. బండి కిందికి దూరి బోల్టులు చూస్తాం. ఇంజను పనికి ఎన్ని గంటలు పట్టేదీ ఉజ్జాయింపుగా చెప్పవచ్చు. తుప్పు పట్టి బిగుసుకుపోయిన ఒక్క బోల్టు ఎంతసేపు తినేదీ ఏ ఉస్తాదూ చెప్పలేడు. యజమానికీ మేస్త్రీకీ మాటామాటా పెరిగేది కూడా చాలాసార్లు ఇక్కడే. ఈ సంచిక చదివే పెద్దలలో లోడు బళ్ళు తిప్పేవారు, తిప్పించేవారు చాలామంది ఉన్నారు. అందుచేత ఈ పాఠం పానా పట్టేవారి కోసం ఎంతో, బండి అప్పగించేవారి కోసమూ అంతే.

మన కోస్తాలో ఈ బాధ మరీ ఎక్కువ. మచిలీపట్నం, కాకినాడ రేవుల నుంచి చేపలు, ఉప్పునీటి చెరువుల నుంచి రొయ్యలు మోసే బండి వెనుక ఎప్పుడు చూసినా నీళ్ళు కారుతూ ఉంటాయి. ఐసు కరిగి, ఉప్పు కలిసి, తొట్టి పలకల సందుల్లోంచి చాసిస్ మీదికీ కమాను కట్టల మీదికీ దిగుతాయి. అదే వయసున్న బండి కర్నూలు వైపు ఉల్లిగడ్డలు మోసి ఉంటే దాని బోల్టులు పానాకు లొంగుతాయి. రొయ్యలు మోసిన బండికి నట్టేదో ఇనుప పలకేదో తెలియనంతగా పెచ్చులు కట్టి ఉంటుంది.

ఇక్కడ జరిగేదేమిటో తెలిస్తే పని సగం తెలిసినట్టే. ఇనుము తుప్పుగా మారినప్పుడు అది ముందున్న దానికంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నట్టు మరకూ బోల్టు మరకూ మధ్య ఉండే సందు వెంట్రుకవాసి. ఆ సందులో తుప్పు ఉబ్బి మేకులా దిగబడుతుంది. కాబట్టి మనం పోరాడేది బిగింపుతో కాదు, ఆ మేకుతో. పానాకు పొడుగాటి పైపు తగిలించి ఇద్దరు వేలాడితే మేకు ఊడదు, బోల్టు మెడ తెగుతుంది. తెగే బోల్టులు ఎక్కువగా మొదటి నిమిషంలోనే తెగుతాయి.

మొదటి పని వైరు బ్రష్షుతో రుద్దడం. బయటికి కనిపించే మరలోని పెచ్చులన్నీ రాలాలి. లేకపోతే నట్టు కాస్త కదిలినా ఆ పెచ్చుల దగ్గర మళ్ళీ పట్టేస్తుంది. తర్వాత తుప్పులోకి ఇంకే నూనె. డబ్బాలో వచ్చే స్ప్రే మంచిదే. అది లేనివారు డీజిల్‌లో కాస్త ఇంజనాయిలు కలిపి వాడతారు, పని నెమ్మదిగా అవుతుంది గాని అవుతుంది. ఏ నూనె అన్నదానికంటే ఎంతసేపు అన్నదే ముఖ్యం. పోసిన అయిదు నిమిషాలకే పానా వేస్తే నూనె పోయనట్టే. సాయంత్రం ఒకసారి, రాత్రి షెడ్డు మూసేముందు ఒకసారి, తెల్లారి ఒకసారి పోయాలి. పోసినప్పుడల్లా బోల్టు తల మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేయాలి. విరగ్గొట్టే దెబ్బలు కావు, అదిరేలా వేసేవి. ఆ అదురుకు తుప్పు పొరలో బీటలు పడి నూనెకు దారి దొరుకుతుంది.

యజమానులకు చెప్పవలసింది ఇక్కడే ఉంది. జుమా నమాజు తర్వాత బండి దింపి, అసర్ కల్లా కావాలంటారు. రాత్రికి లోడుందంటారు. నిజమే, బండి నిలబడితే బాడుగ పోతుంది, నెల కిస్తీ ఆగదు. కాని ఒక రాత్రి మిగుల్చుకోబోయి సైలెన్సర్ స్టడ్డు విరిగితే మూడు రోజులు పోతాయి. బండిని ముందురోజు సాయంత్రమే అప్పగించండి. అదీ కుదరకపోతే ఏ బోల్టులు తీయాలో కనుక్కుని, డ్రైవరు చేతే రెండు రోజుల ముందు నుంచి నూనె పోయించండి. దీనికి పైసా ఖర్చు లేదు.

పానా విషయంలో మాకు పట్టుదల ఉంది. బిగుసుకున్న నట్టుకు నోరు తెరిచిన పానా వేయకూడదు. అది రెండు అంచులనే పట్టుకుని మూలలు అరగదీస్తుంది. ఆరు పలకల సాకెట్ కావాలి, సరిగ్గా అదే సైజుది. పన్నెండు మూలల రింగు కూడా అరిగిన నట్టు మీద జారుతుంది. జారిన పానా వెంట చెయ్యి వెళ్ళి చాసిస్ అంచుకు తగులుతుంది. పని నేర్చుకునే కుర్రాళ్ళ వేళ్ళ కణుపులు చూస్తే వారికి ఎలాంటి పానాలు ఇచ్చారో తెలిసిపోతుంది.

మొదట విప్పే వైపు కాకుండా బిగించే వైపు కొద్దిగా తిప్పి చూడాలి. టిక్కుమని కదిలిందంటే తుప్పు పట్టు తెగినట్టు. అక్కడి నుంచి పావు చుట్టు విప్పడం, కాస్త వెనక్కి తిప్పడం, నూనె వేయడం. బరువెక్కితే ఆగాలి. కొన్ని పాత జీపుల్లో ఎడమవైపు చక్రాలకు ఎదురు మర ఉంటుంది. అది తెలియక విప్పుతున్నామనుకుంటూ బిగించేవాళ్ళూ ఉన్నారు.

నూనెకు లొంగనిదానికి మంట పెట్టాలి. కాల్చవలసింది నట్టును, బోల్టును కాదు. పది మిల్లీమీటర్ల బోల్టుకున్న నట్టును 400 డిగ్రీలు వేడెక్కిస్తే దాని రంధ్రం దాదాపు 0.05 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది. వినడానికి ఏమీ కాదు, తుప్పు పట్టు తెగడానికి అది చాలు. వేడి కాస్త తగ్గాక మర మొదట్లో కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి లోపలికి పాకుతుంది. ఉస్తాదులు చాలాకాలంగా చేస్తున్న పని ఇది. కొత్తవారు నవ్వుతారు, ఒకసారి చూశాక వాళ్ళూ జేబులో కొవ్వొత్తి పెట్టుకుంటారు.

అయితే మంట ఎక్కడ పడితే అక్కడ పెట్టేది కాదు. డీజిల్ ట్యాంకు, బ్రేకు గొట్టాలు, రబ్బరు బుష్షులు పక్కన ఉంటే మంట వద్దు. గ్యాసు నింపిన షాకబ్జార్బరును కాలిస్తే అది పేలవచ్చు. నూనె పోసి తడిగా ఉన్నచోట మంట పెడితే అంటుకుంటుంది, ముందు తుడవాలి. బండిని ఒక్క జాకీ మీద లేపి కిందికి దూరడం ఎంత అనుభవం ఉన్నవారికీ తగదు. ఇరువైపులా గట్టి స్టాండ్లు ఉండాలి. బిగుసుకున్న బోల్టు మీద బలం పెడుతున్నప్పుడే బండి ఊగుతుంది. ఎర్రగా కాల్చిన బోల్టు పదును పోతుంది, దాన్ని మళ్ళీ వాడకూడదు. తల మీద 8.8, 10.9 అని అంకెలున్న బోల్టులకు ఈ మాట మరీ వర్తిస్తుంది. అదే అంకె ఉన్న కొత్తది వేయాలి.

కమాను కట్టలను పట్టి ఉంచే యూ బోల్టుల మీద మేము సమయం వృథా చేయం. వాటిని ఎలాగూ మార్చాలి కనుక గ్రైండరుతో కోసేయడమే మేలు. బ్రేకు గాలి తీసే నిప్పిలు సంగతి వేరు. అది బోలుగా ఉంటుంది, ఇట్టే నలిగి తెగుతుంది. దాని రంధ్రంలో సరిపడే డ్రిల్లు బిట్టు కాడను దూర్చి తిప్పితే లోపల ఆసరా ఉంటుంది.

అన్నిటికంటే కష్టమైనది మానిఫోల్డు దగ్గర సైలెన్సర్ పైపును పట్టే స్టడ్డు. రోజూ కాగి, చల్లారి, వానలో తడిసి ఉంటుంది. విరిగిందంటే, పైకి కాస్త మొన మిగిలితే దాని మీద కొత్త నట్టు పెట్టి లోపల వెల్డింగు నింపడం మంచి దారి. ఆ వేడికే స్టడ్డు వదులవుతుంది, తిప్పడానికి కొత్త తలా వస్తుంది. వెల్డింగుకు ముందు బ్యాటరీ వైరు తీయాలి. మొన మిగలకపోతే ఆకురాయితో చదును చేసి, సరిగ్గా నడుమ పంచి కొట్టి, సన్న బిట్టుతో మొదలుపెట్టి రంధ్రం వేయాలి. నడిమి తప్పితే మర పోతుంది. ఎక్స్‌ట్రాక్టరు అనే ఎదురు మర ముక్కను మేము చివరికే తీస్తాం. అది చాలా గట్టి ఉక్కు. రంధ్రంలో విరిగితే మామూలు బిట్టు దాన్ని తొలవలేదు. ఏదీ కుదరకపోతే స్టడ్డును పూర్తిగా తొలిచి మళ్ళీ మర వేయాలి. 10 మిల్లీమీటర్ల మామూలు మరకు 8.5 బిట్టు, 8 మిల్లీమీటర్లకు 6.8.

తిరిగి బిగించేటప్పుడు మరలు శుభ్రం చేసి, సైలెన్సర్ స్టడ్డులకు రాగిపొడి కలిపిన గ్రీజు రాసి, వీలైతే ఇత్తడి నట్లు వేస్తే వచ్చేసారి ఇంత పాటు ఉండదు. చక్రాల నట్లకు మాత్రం గ్రీజు, నూనె రాయవద్దు. రాపిడి తగ్గి, అదే బలానికి స్టడ్డు ఎక్కువ సాగుతుంది. వాటిని పొడిగా తుడిచి, అడ్డదిడ్డంగా ఎదురెదురు నట్లు మార్చి మార్చి బిగించి, కొంత దూరం తిరిగాక మరోసారి చూసుకోవాలి.