రవాణా శాస్త్రంలో పి.జి. – చివరి సంవత్సరం ఇంటర్న్‌షిప్‌లో ఏం నేర్చుకుంటారు?

– ఒక పూర్వ విద్యార్థి

సివిల్ ఇంజనీరింగ్ అనగానే మనలో చాలామందికి భవనాలు, ఆనకట్టలు, వంతెనలు గుర్తుకొస్తాయి. రోడ్డు కూడా అందులో భాగమే అని తెలుసు గానీ, ఆ రోడ్డు మీద తిరిగే మనుషుల గురించి, వాహనాల గురించి ప్రత్యేకంగా చదివే పి.జి. కోర్సు ఒకటి ఉందన్న సంగతి ఇంటర్‌లో ఉన్నప్పుడు మనకు ఎవరూ చెప్పరు. అదే రవాణా శాస్త్రం. ఈ వ్యాసంలో ఆ కోర్సు చివరి సంవత్సరంలో విద్యార్థులు చేసే ఇంటర్న్‌షిప్ గురించి, అందులో నేర్చుకునే కొన్ని లెక్కల గురించి వివరిస్తాను. పదో తరగతి లెక్కలు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇవి అర్థమవుతాయి.

కోర్సు ఏమిటి? ఎక్కడ ఉంది?

మన దేశంలో ఈ చదువు ఎక్కువగా ఎం.టెక్. ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజనీరింగ్ అనే పేరుతో ఉంటుంది. వరంగల్ ఎన్.ఐ.టి.లో ఈ కోర్సు ఉంది. ఢిల్లీలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్ అనే పేరుతో ప్లానింగ్ పి.జి. ఉంది. బెల్జియంలోని హాసెల్ట్ విశ్వవిద్యాలయంలో ట్రాన్స్‌పోర్టేషన్ సైన్సెస్ అనే పేరుతోనే మాస్టర్స్ కోర్సు నడుపుతున్నారు. పేర్లు వేరైనా విషయం ఒకటే: మనుషులు, సరుకులు ఒక చోటి నుంచి మరొక చోటికి క్షేమంగా, తక్కువ ఖర్చుతో, తక్కువ సమయంలో చేరడం ఎలా?

పి.జి. రెండేళ్లు. మొదటి ఏడాది ఎక్కువగా తరగతి గదిలో గడుస్తుంది. రెండో ఏడాది పరిశోధన వ్యాసం రాయాలి. దానితోపాటు గానీ, దానికి ముందు వేసవి సెలవుల్లో గానీ ఇంటర్న్‌షిప్ ఉంటుంది. ఎన్ని వారాలు అన్నది కాలేజీని బట్టి మారుతుంది. ఇంటర్న్‌షిప్‌కి, పరిశోధన వ్యాసానికి తేడా గమనించండి. పరిశోధన వ్యాసంలో ప్రశ్న మనది. ఇంటర్న్‌షిప్‌లో ప్రశ్న ఆ సంస్థది. రోడ్లు, భవనాల శాఖ, నగరపాలక సంస్థ, ఆర్టీసీ, మెట్రో, రోడ్ల నమూనాలు తయారుచేసే కన్సల్టెన్సీ కంపెనీ, ఢిల్లీలోని కేంద్ర రహదారి పరిశోధన సంస్థ – ఇలా ఏదో ఒక చోట చేరి, అక్కడ జరుగుతున్న పనిలో ఒక భాగం మనం చేయాలి. పైన ఒక అధికారి, కాలేజీలో ఒక గైడ్ మన పనిని చూస్తారు.

మొదటి పాఠం: వాహనాల లెక్క

ఇంటర్న్‌షిప్ అంటే ఏ.సి. గదిలో కంప్యూటర్ ముందు కూర్చోవడం అనుకుంటారు. అదీ ఉంటుంది. కానీ చాలామందికి అది రోడ్డు పక్కన చెట్టు కింద మొదలవుతుంది. చేతిలో అట్ట, దాని మీద గడులు గీసిన కాగితం. ప్రతి 15 నిమిషాలకు ఒక వరుస. బస్సుకి ఒక గడి, లారీకి ఒకటి, కారుకి, ఆటోకి, మోటారు సైకిల్‌కి, ట్రాక్టరుకి, సైకిల్‌కి ఒక్కొక్కటి. వాహనం వెళ్లగానే నిలువు గీత గీయాలి. నాలుగు గీతల మీద ఐదోది అడ్డంగా. ఇప్పుడు వీడియో కెమెరాలతో కూడా లెక్కిస్తున్నారు. అయినా కెమెరా లెక్క సరిగా ఉందో లేదో చూడటానికి చేతి లెక్క అవసరమవుతూనే ఉంది.

ఇలా వచ్చిన రకరకాల వాహనాలను ఒకే కొలతలోకి మార్చాలి. ఎందుకంటే ఒక సైకిల్, ఒక బస్సు రోడ్డు మీద ఒకే చోటు ఆక్రమించవు. అందుకోసం కారును 1గా తీసుకొని మిగతావాటికి విలువలు ఇచ్చారు. దీన్నే పాసింజర్ కార్ యూనిట్, క్లుప్తంగా పి.సి.యు. అంటారు. మన దేశంలో రోడ్ల ప్రమాణాలు నిర్ణయించేది 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్. గ్రామీణ రహదారులకు అది ఇచ్చిన విలువల్లో కొన్ని:

మోటారు సైకిల్ – 0.5
సైకిల్ – 0.5
కారు – 1
బస్సు లేదా లారీ – 3
ట్రాలీతో ట్రాక్టరు – 4.5
ఎద్దుల బండి – 8

ఎద్దుల బండికి 8 ఏమిటని ఆశ్చర్యపోకండి. అది మెల్లగా నడుస్తుంది కాబట్టి వెనుక వచ్చే వాహనాలను ఎక్కువసేపు ఆపుతుంది. ఈ విలువ బండి బరువును బట్టి ఇచ్చింది కాదు, మిగతా వాహనాలకు కలిగే అడ్డును బట్టి ఇచ్చింది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. 50 మంది ఒక బస్సులో వెళితే 3 పి.సి.యు.లు. అదే 50 మంది ఇద్దరిద్దరుగా 25 మోటారు సైకిళ్ల మీద వెళితే 12.5. నలుగురేసి చొప్పున కార్లలో వెళితే 13 కార్లు, అంటే 13. మనుషులు అంతే. రోడ్డు మీద రద్దీ మాత్రం నాలుగింతలకు పైగా పెరిగింది. బస్సు ఎందుకు కావాలో చెప్పడానికి ఉపన్యాసం అక్కర్లేదు, ఈ మూడు అంకెలు చాలు.

పట్టికను మళ్లీ ఒకసారి చూడండి. అందులో నడిచేవారు లేరు. ఆ కొలత వాహనాల కోసం తయారైంది, కాబట్టి అది తప్పు కాదు. కానీ ఆ ఒక్క లెక్కతోనే రోడ్డును అర్థం చేసుకున్నామనుకుంటే మాత్రం తప్పు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది కాలినడకన వెళుతున్నవారు. అంటే దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు. అందుకే మంచి ఇంటర్న్ వాహనాల కాగితంతోపాటు నడిచేవారికీ ఒక కాగితం పెట్టుకుంటాడు.

రెండో పాఠం: ఏ గంటలో లెక్కించాం?

రోడ్డు మధ్యలో, కూడలి లేని చోట, నడిచేవారు దాటడానికి సిగ్నల్ వంటి ఏర్పాటు కావాలా వద్దా అని ఎలా నిర్ణయిస్తారు? దీనికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 103వ నంబరు ప్రమాణంలో ఒక సూత్రం ఉంది. బాగా రద్దీగా ఉండే గంటలో రోడ్డు దాటే మనుషుల సంఖ్యను, అదే గంటలో వెళ్లే వాహనాల సంఖ్య వర్గంతో గుణించాలి. మధ్యలో డివైడర్ లేని రోడ్డు అయితే ఆ లబ్ధం 10 కోట్లు దాటాలి. డివైడర్ ఉంటే 20 కోట్లు దాటాలి.

ఊహించి ఒక ఉదాహరణ తీసుకుందాం. డివైడర్ లేని రోడ్డుకి ఒక పక్క హాస్టల్, రెండో పక్క హైస్కూలు ఉన్నాయనుకోండి. ఉదయం 8.30 నుంచి 9.30 లోపు 150 మంది పిల్లలు దాటుతారు. ఆ గంటలో 900 వాహనాలు వెళతాయి.

150 × 900 × 900 = 12,15,00,000

పన్నెండు కోట్లు దాటింది. సిగ్నల్ అడగడానికి ఆధారం ఉంది.

ఇప్పుడు అదే చోట 12 గంటల లెక్క మొత్తం తీసి సగటు కట్టారనుకోండి. 12 గంటల్లో దాటినవారు 396 మంది, అంటే గంటకు 33. వాహనాలు 8,400, అంటే గంటకు 700.

33 × 700 × 700 = 1,61,70,000

కోటీ అరవై లక్షలే. సిగ్నల్ అవసరం లేదని తేలుతుంది! రోడ్డు అదే, పిల్లలు వాళ్లే. లెక్క కట్టినవాడు ఏ గంటను చూశాడన్నదాన్ని బట్టి జవాబు మారిపోయింది. సెలవు రోజున లెక్కించినా ఇంతే. అందుకే సర్వేకి వెళ్లే ముందు బడి వేళలు, సంత రోజు, ఫ్యాక్టరీ షిఫ్టు మారే సమయం కనుక్కోవాలి. ఈ వివరాలు ఏ పుస్తకంలోనూ ఉండవు. అక్కడి టీ కొట్టు వాళ్లని అడిగితే చెబుతారు.

సంఖ్య ఒక్కటే ప్రమాణం కాదు. వాహనాల వేగం, నడిచేవారు ఎంతసేపు ఆగవలసి వస్తోంది, అక్కడ జరిగిన ప్రమాదాలు – ఇవి కూడా చూడాలని ఆ ప్రమాణమే చెబుతుంది.

మూడో పాఠం: వేగం, చూపు

స్పీడ్ గన్‌తో వంద వాహనాల వేగం కొలిచి, తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా రాస్తే 85వ స్థానంలో ఉన్న వేగాన్ని 85వ పర్సెంటైల్ వేగం అంటారు. అంటే నూటికి 85 వాహనాలు ఆ వేగంలోపే వెళుతున్నాయి. వేగ పరిమితులు పెట్టేటప్పుడు ఈ అంకెను ముఖ్యంగా చూస్తారు.

ఈ వేగాన్ని నడకతో పోల్చి చూడండి. నడిచే వేగాన్ని సాధారణంగా సెకనుకి 1.2 మీటర్లుగా తీసుకుంటారు. 7 మీటర్ల రోడ్డు దాటడానికి సుమారు 6 సెకన్లు పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఒక సెకనులో దాదాపు 16.7 మీటర్లు, 6 సెకన్లలో 100 మీటర్లు వస్తుంది. అంటే రోడ్డు దాటబోయే పిల్లవాడికి రెండు వైపులా కనీసం 100 మీటర్లు కనిపించాలి. మూడో తరగతి పిల్లలైతే ఇంకా మెల్లగా నడుస్తారు, వారికి ఇంకా ఎక్కువ దూరం కావాలి. మలుపు ఉన్నా, పక్కన లారీ ఆగి ఉన్నా, ఫ్లెక్సీ కట్టినా ఆ చూపు అడ్డుపడుతుంది. డ్రైవరు వైపు నుంచి చూస్తే, 60 కిలోమీటర్ల వేగంలో ప్రమాదాన్ని గమనించి బండి పూర్తిగా ఆపడానికి 80 మీటర్లు కావాలని ప్రమాణం. ఇంటర్న్ చేతిలో టేపు ఉంటే ఈ దూరాలు కొలవడం అరగంట పని. ఆ ఫ్లెక్సీ తీయించడానికి కోట్ల రూపాయలు కూడా అక్కర్లేదు.

నాలుగో పాఠం: మనుషులను అడగడం

రోడ్డు సర్వేలతోపాటు ఇంటింటి సర్వేలు కూడా ఉంటాయి. ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎందుకు, ఎలా వెళుతున్నారో తెలుసుకోవాలి. ఫారంలో "రోజుకు ఎన్ని ప్రయాణాలు చేస్తారు?" అని ఉంటుంది. మన ఊళ్లో ఒక అమ్మను ఇలా అడిగి చూడండి. "నాకు ప్రయాణాలేముంటాయి బాబూ, ఇంట్లోనే ఉంటాను" అంటుంది. మనవాళ్లకు ప్రయాణం అంటే బస్సో రైలో ఎక్కడం. అదే "నిన్న పొద్దున లేచిన దగ్గర నుంచి ఎక్కడెక్కడికి వెళ్లొచ్చావమ్మా?" అని అడిగితే, పిల్లవాణ్ణి బడిలో దింపడం, రేషన్ షాపు, పొలం, డ్వాక్రా మీటింగు – నాలుగైదు బయటికొస్తాయి. అన్నీ నడకే. మొదటి ప్రశ్నకు సున్నా, రెండో ప్రశ్నకు ఐదు. ఆ అమ్మ సున్నా అయితే ఆమె నడిచే దారికి ఫుట్‌పాత్, వీధి దీపం అడిగేవారుండరు.

మన హాస్టల్ విద్యార్థులు ఈ రంగంలోకి రావాలని నేను కోరుకునేది ఇందుకే. నడిచి బడికి వెళ్లినవాడికి, ఫుట్‌బోర్డు మీద వేలాడినవాడికి ఏ ప్రశ్న ఎలా అడగాలో తెలుస్తుంది. ఇప్పుడు పనికి కొదవ కూడా లేదు. ఆర్టీసీ బస్సుల్లో మహిళల ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో మొదలైంది. దీనివల్ల ఎవరి ప్రయాణం ఎలా మారింది, ఏ రూటులో బస్సులు చాలడం లేదు అన్నవి ఇంటర్న్‌షిప్‌కి చక్కటి విషయాలు.

నివేదిక రాసేటప్పుడు

1. ప్రతిరోజూ డైరీ రాయాలి. తేదీ, చోటు, సమయం, వాతావరణం తప్పనిసరి. వాన పడిన రోజు లెక్క వేరుగా ఉంటుంది.
2. రాత్రి రెండు గంటలకు కునుకు పట్టి ఒక పావుగంట లెక్క తప్పిపోతే ఆ గడిలో "లెక్కించలేదు" అని రాయాలి. పై గడి చూసి నింపకూడదు. ఆ అంకె మీద ఆధారపడి రేపు ఎవరో రోడ్డు వెడల్పు నిర్ణయిస్తారు.
3. లెక్క, దాని మీద మన అభిప్రాయం వేరువేరుగా రాయాలి.
4. నివేదిక చివర ఖర్చు తక్కువయ్యే సూచన ఒకటైనా ఇవ్వాలి.

ఇప్పటి నుంచే ఏం చేయాలి?

ఇంటర్‌లో ఎం.పి.సి., తరువాత బి.టెక్. సివిల్, ఆ తరువాత గేట్ లేదా పి.జి.ఇ.సెట్ – ఇది సాధారణ దారి. పాలిటెక్నిక్ చదివినవారు ఇ.సెట్ ద్వారా బి.టెక్. రెండో సంవత్సరంలో చేరవచ్చు. గణాంకశాస్త్రం మీద పట్టు పెంచుకోండి. కంప్యూటర్‌లో ఎక్సెల్, మ్యాపుల కోసం ఉచితంగా దొరికే క్యూజిస్ నేర్చుకోండి. ఇంటర్న్‌షిప్ కోసం దరఖాస్తు ఒక పేజీ దాటకూడదు. ఏ పని వచ్చు, ఏ పని నేర్చుకోవాలనుకుంటున్నాం – ఈ రెండూ స్పష్టంగా ఉంటే చాలు. మొహమాటపడకుండా నాలుగైదు చోట్లకు పంపండి. స్టయిపెండ్, ఉండే చోటు గురించి ముందే అడగడం తప్పు కాదు. మన ఇళ్ల పరిస్థితికి అది అవసరం కూడా.

పి.జి. దాకా ఆగనక్కర్లేదు. వార్డెన్ గారి అనుమతి తీసుకొని, హాస్టల్ గేటు లోపల నిలబడి, ఒక పనిదినం ఉదయం గంటసేపు రోడ్డు దాటే పిల్లలను ఇద్దరు, వాహనాలను ఇద్దరు లెక్కించండి. పైన చెప్పిన సూత్రంలో వేయండి. 10 కోట్లు దాటితే ఆ కాగితాన్ని అర్జీకి జతచేసి అధికారులకు ఇవ్వమని వార్డెన్ గారిని కోరండి. దాటకపోయినా నష్టం లేదు, వేగం, చూపు దూరం కొలిచి చూడండి. "ఇక్కడ ప్రమాదంగా ఉంది సార్" అనే అర్జీలు ఆఫీసుల్లో చాలా ఉంటాయి. తేదీ, సమయం, అంకెలు ఉన్న అర్జీకి జవాబు చెప్పక తప్పదు.