బేరింగు వేడి అంకెగా మారేదెలా?
పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో, తాల్‌బగీచా వంటి పేటలున్న చోట, తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్నాయి. రైలు చక్రాల బేరింగు మితిమీరి వేడెక్కితే ఇరుసు విరగవచ్చు. ఆ వేడిని ఒకప్పుడు చేత్తో తాకి అంచనా వేసేవారు. ఇప్పుడు సెన్సార్లు కొలుస్తాయి.

ఉదాహరణకు ఎల్‌ఎం35 సెన్సార్ ఒక్కో సెల్సియస్ డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. అంటే 60 డిగ్రీలకు 0.6 వోల్టు. దీన్ని కంప్యూటర్‌కు తెలిసే అంకెగా మార్చేదే అనలాగ్-డిజిటల్ కన్వర్టర్ (ఏడీసీ). తక్కెడలో పెద్ద రాయితో మొదలుపెట్టి చిన్న రాళ్లతో తూచినట్టు, ఒక రకం ఏడీసీ 2.5, 1.25, 0.625 వోల్టులతో వరుసగా పోల్చుకుంటూ పోతుంది.

10 బిట్ల ఏడీసీ 5 వోల్టులను 1024 మెట్లుగా విభజిస్తుంది. మెట్టుకు దాదాపు అర డిగ్రీ. 8 బిట్లదైతే 256 మెట్లే. మెట్టుకు దాదాపు 2 డిగ్రీలు. అంతకన్నా చిన్న మార్పు దానికి కనబడకపోవచ్చు. వేడి పెరుగుదలను ముందే పసిగట్టాలంటే సెన్సార్‌తోపాటు బిట్ల సంఖ్యా ముఖ్యమే.