తెలియని ఫైలును నొక్కే ముందు ఏం చూడాలి?



మన కంప్యూటర్ గదిలో ఉన్నవి కొద్ది కంప్యూటర్లే. స్కాలర్‌షిప్ దరఖాస్తులు, మార్కుల జాబితాలు, పదో తరగతివాళ్ళ ప్రాజెక్టులు అన్నీ వాటిలోనే ఉంటాయి. సెలవులకు ఇంటికి పోతే అమ్మానాన్నల ఫోన్‌లో బ్యాంకు ఖాతా ఉంటుంది. ఒక్క చెడ్డ ఫైలు చాలు, ఇవన్నీ పోవడానికి. కాబట్టి ఈ పాఠం అందరూ చదవండి.

అడవిలో పుట్టగొడుగు కనిపిస్తే మన అవ్వలు ఏం చేస్తారు? చూడ్డానికి బాగుందని కోసెయ్యరు. ఎక్కడ మొలిచింది, అడుగున ఎట్లా ఉంది అని తిప్పి చూస్తారు. అనుమానం వస్తే వదిలేస్తారు. తెలియని ఫైలును కూడా అట్లాగే చూడాలి.

ముందు ఒక సంగతి. ఫొటో, పాట, పాఠం లాంటి ఫైళ్ళు మనం చూడడానికి, వినడానికి, చదవడానికి. ప్రోగ్రాం ఫైలు అట్లా కాదు. అది కంప్యూటర్‌కు ఇచ్చే ఆజ్ఞల వరుస. దానిమీద రెండుసార్లు నొక్కామంటే "నీ ఇష్టం వచ్చింది చేసుకో" అని తాళం చెవి ఇచ్చినట్టే. అందుకే పరీక్షలన్నీ నొక్కకముందే చేయాలి.

1. ఎక్కడినుంచి వచ్చింది?

తయారుచేసిన సంస్థ సొంత వెబ్‌సైటు నుంచి తెచ్చుకున్నది ఒక లెక్క. పది చేతులు మారిన పెన్‌డ్రైవ్‌లో వచ్చింది ఇంకో లెక్క. డబ్బు పెట్టి కొనాల్సిన ఆటను ఎవరైనా "క్రాక్" పేరుతో ఊరికే ఇస్తుంటే మరీ జాగ్రత్త. పంపినవాడు మన స్నేహితుడే కావచ్చు. కానీ వాడికి తెలియకుండానే వైరస్ వాడి పేరుతో పంపి ఉండవచ్చు కదా!

2. అసలు పేరు ఏమిటి?

ఫైలు పేరు చివర చుక్క తర్వాత వచ్చే అక్షరాలను ఎక్స్‌టెన్షన్ అంటారు. విండోస్ మామూలుగా దీన్ని దాచిపెడుతుంది. 2000 మే నెలలో "ఐ లవ్ యూ" అనే వైరస్ ఫిలిప్పీన్స్ నుంచి బయలుదేరి ప్రపంచమంతా పాకడానికి ఈ దాపరికం కూడా ఒక కారణం. ఈమెయిల్‌తో వచ్చిన ఆ ఫైలు పేరు చివర "డాట్ టీఎక్స్‌టీ డాట్ వీబీఎస్" అని ఉండేది. వీబీఎస్ దాగిపోయి టీఎక్స్‌టీ మాత్రమే కనిపించేది. ఉత్తరమే కదా అని తెరిచినవాళ్ళ ఫొటోలు చెరిగిపోయాయి. వాళ్ళ చిరునామా పుస్తకంలో ఉన్న అందరికీ అదే ఉత్తరం పోయింది.

కాబట్టి ఫోల్డర్ తెరిచి, వ్యూ మెనూలో "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్" దగ్గర టిక్ పెట్టండి. చివర ఈఎక్స్ఈ, ఎస్‌సీఆర్, బ్యాట్, వీబీఎస్, ఎంఎస్ఐ అని ఉంటే అది ఆజ్ఞల ఫైలే. బొమ్మను నమ్మవద్దు. పెన్‌డ్రైవ్‌లో పసుపు ఫోల్డర్ బొమ్మతో ఈఎక్స్ఈ ఫైళ్ళు కూర్చుని ఉంటాయి.

3. సంతకం ఉందా?

ఫైలు మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ తెరిస్తే "డిజిటల్ సిగ్నేచర్స్" అనే భాగం కనిపించవచ్చు. ఎవరు తయారుచేశారు, తర్వాత ఎవరైనా మార్చారా అన్నది దానివల్ల తెలుస్తుంది. చిన్న ప్రోగ్రాములకు చాలావాటికి సంతకం ఉండదు. కానీ పెద్ద కంపెనీ పేరు చెప్పుకునే ఫైలుకు ఆ కంపెనీ సంతకం లేకపోతే అనుమానించాల్సిందే.

4. వేలిముద్ర కలిసిందా?

రేషన్ షాపులో వేలిముద్ర పెట్టినట్టే ఫైలుకూ ఒక ముద్ర ఉంటుంది. దాన్ని హ్యాష్ అంటారు. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో అది 64 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా ముద్ర మొత్తం మారిపోతుంది. విండోస్ పవర్‌షెల్‌లో "గెట్-ఫైల్‌హ్యాష్" అనే ఆజ్ఞతో దీన్ని చూసి, తయారుచేసినవాళ్ళ వెబ్‌సైటులో ఇచ్చిన ముద్రతో పోల్చాలి.

5. యాంటీవైరస్ ఏమంటోంది?

మొదట మన కంప్యూటర్‌లోని యాంటీవైరస్‌తో చూడాలి. నెట్ ఉంటే వైరస్‌టోటల్ అనే వెబ్‌సైటు ఉంది. 2004లో స్పెయిన్‌లో మొదలైంది, 2012లో గూగుల్ కొన్నది. అక్కడ ఒకే ఫైలును పదుల సంఖ్యలో యాంటీవైరస్‌లు చూస్తాయి. చాలా వాటికి ఎర్రగా వస్తే తీసెయ్యండి. ఒకటి రెండే ఎర్రగా వస్తే పొరపాటూ కావచ్చు, సార్‌ను అడగాలి. మార్కుల జాబితాలు, ఆధార్ కాపీలు మాత్రం అక్కడ ఎక్కించకూడదు. ఎక్కించినవి బయటివాళ్ళకూ అందుతాయి.

అన్నీ పాసైతే భయం లేనట్టేనా?

లేదు. 2017లో సీక్లీనర్ అనే పేరున్న ప్రోగ్రాంలోకి, అది సంస్థ నుంచి బయటికి రాకముందే, దొంగలు విషం కలిపారు. అసలు వెబ్‌సైటే, అసలు సంతకమే. అయినా 20 లక్షలకు పైగా కంప్యూటర్లలోకి చేరింది. కొత్త వైరస్‌ను యాంటీవైరస్ గుర్తుపట్టకపోవచ్చు కూడా. పరీక్షలు ప్రమాదాన్ని తగ్గిస్తాయి, పూర్తిగా తీసెయ్యవు. అందుకే "ఇది నాకు నిజంగా అవసరమా?" అన్నదే చివరి పరీక్ష. అవసరం లేకపోతే నొక్కవద్దు. ముఖ్యమైన ఫైళ్ళకు వేరేచోట ఒక నకలు ఉంచుకోవాలి.

ఫోన్ సంగతి

పెళ్ళి శుభలేఖ అనీ, ట్రాఫిక్ చలాన్ అనీ, పీఎం కిసాన్ అనీ వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్ళు పంపుతున్నారు. శుభలేఖ అయితే ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, ఏపీకేగా రాదు. దాన్ని ఎక్కించి, అడిగిన అనుమతులన్నీ ఇస్తే, మన ఎస్ఎంఎస్‌లు చదివి ఓటీపీ పట్టుకుపోతుంది. చదువురాని పెద్దవాళ్ళకు ఈ విషయం మనమే చెప్పాలి.

ఇప్పటికే నొక్కేస్తే?

వెంటనే నెట్ తీసెయ్యాలి. పెన్‌డ్రైవ్ ఇంకో కంప్యూటర్‌కు పెట్టకూడదు. తిడతారని దాచకుండా సార్‌కు చెప్పాలి. దాచినకొద్దీ మిగతా కంప్యూటర్లకూ పాకుతుంది. బ్యాంకు డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకు కూడా చెప్పాలి. వార్డెన్ సార్లకు మా విన్నపం: నిజం చెప్పినవాళ్ళను దయచేసి కొట్టవద్దు, తిట్టవద్దు.

ప్రశ్నలు

1. "ఫొటో డాట్ జేపీజీ డాట్ ఈఎక్స్ఈ" అన్నది ఫొటోనా, ప్రోగ్రామా?
2. సంతకం ఉన్నా ప్రమాదం ఎట్లా రావచ్చు?
3. మీ ఇంట్లో ఫోన్ వాడేవాళ్ళకు ఈ పాఠంలో ఏ ఒక్క మాట ముందుగా చెబుతారు?

జవాబులు నోట్‌బుక్‌లో రాసి కంప్యూటర్ సార్‌కు చూపించండి.

– 9వ తరగతి విద్యార్థులు