రొయ్యలలో మందు జాడ: పరీక్షా పట్టీని ఎన్నుకొనుట

కళింగపట్నం వద్ద వంశధార సముద్రమున కలియును. ఈ తీరమున వెనామీ రొయ్యలు పెంచు రైతులు పట్టుబడికి ముందే తెలిసికొనవలసిన సంగతి యొకటి కలదు. రొయ్యల పెంపకమున క్లోరాంఫెనికాల్ నిషిద్ధము. అది మనుష్యుల ఎముక మూలుగను చెరచగలదు. 2022 నవంబరు 28 నుండి యూరపు సమాఖ్య దీనికి పెట్టిన హద్దు కిలోకు 0.15 మైక్రోగ్రాములు. అనగా వెయ్యి టన్నుల రొయ్యలలో గ్రామున సుమారు ఏడవ వంతు! కొన్న మందులో తెలియక కలిసివచ్చినను సరుకు తిరిగివచ్చును.

చెరువు గట్టుననే చూచుకొనుటకు కాగితపు పట్టీలు దొరకుచున్నవి. అయితే వీనిని గర్భపరీక్ష పట్టీవలె చదువరాదు. గుమ్మడికాయను ఇద్దరు చెరొకవైపు పట్టవచ్చును. రేగుపండును ఒకడు గుప్పిట పట్టిన రెండవవానికి చోటేది? యాంటీబాడీ అణుభారము సుమారు 1,50,000. ఈ మందుది 323 మాత్రమే. కనుక ఇచట పోటీ పద్ధతి నడుచును. ముందుగా కోడిగుడ్డు సొన వంటి మాంసకృత్తునకు మందును తగిలించి, నైట్రోసెల్యులోజు పొరపై గీతగా పూయుదురు. బంగారు రేణువులకు అంటిన యాంటీబాడీలు ద్రవముతో పారి ఆ గీతను పట్టుకొని ఎఱ్ఱగా చూపును. రొయ్యలో మందున్నచో అవి దారిలోనే నిండిపోయి గీత మాయమగును. కనుక గీత లేకుండుటయే కీడు. రెండవదైన సరిచూపు గీతయు రాకున్న ఆ పట్టీని పారవేయవలెను.

ఇక కొనుటలో రైతులు పొరబడు చోటు. ముదురు గీత చూచి మంచి పట్టీ యని తలచెదరు. కాని యాంటీబాడీలు ఎక్కువ వేసిన కొద్దీ గీత ముదురగును, కొద్దిపాటి మందు దానిని చెరపలేదు. తక్కువ వేసినదే సూక్ష్మముగా పట్టును. గీత కొంత లేతగా నుండును. పొర విషయమును అంతే: ద్రవము మెల్లగా పారు పొర మందుకు ఎక్కువ వ్యవధి నిచ్చును, కాని రొయ్య గుజ్జులోని క్రొవ్వు, నలుసులు అందులో అడ్డుపడును. కనుక మొదటి అట్ట నలుసును ఆపునదై యుండవలెను. బంగారు రేణువుల నుంచు గాజుపీచు అట్ట తడిసిన వెంటనే వానిని పూర్తిగా విడువవలెను. అందులకే పంచదార కలిపి ఆరబెట్టుదురు. చివరి దూది అట్టకు ద్రవము పీల్చుటే పని.

పాలకై చేసిన పట్టీని రొయ్యకు వాడరాదు. కిలో రొయ్యకు ఎంత మందుతో గీత మాయమగునో అమ్మువానిని వ్రాతమూలకముగా అడుగుడు. మన ఉప్పుగాలిలో తేమ హెచ్చు. సంచి విప్పిన పట్టీని వెంటనే వాడవలెను. గీత మాయమైనచో పట్టుబడి ఆపి, నమూనాను ప్రయోగశాలకు పంపుడు.