బాక్స్‌కార్లలో దాణా రవాణా

అమెరికాలో 1960ల తొలినాళ్ల దాకా పశువుల దాణా, దాణా గింజలు ఎక్కువగా బాక్స్‌కార్లలోనే వెళ్లేవి. బాక్స్‌కారు అంటే పైకప్పు, పక్కకు జరిపే తలుపులు ఉన్న వ్యాగన్. సాధారణ పొడవు 40 అడుగులు.

బస్తాలైతే చేతిబళ్లతో దించేవారు. అసలు తిప్పలు విడి గింజలతోనే. తలుపు తీస్తే సరుకంతా జారిపోతుంది కాబట్టి లోపలివైపు చెక్క పలకలు అడ్డంగా మేకులతో బిగించేవారు. వీటినే గ్రెయిన్ డోర్లు అంటారు. తర్వాత ఉక్కు పట్టీలతో బలపరిచిన మందపాటి కాగితం వచ్చింది. పలకలు ఊడగొట్టగానే తలుపు దగ్గరి గింజలు వాటంతటవే సరుకు దించే గోతిలో పడేవి. రెండు చివర్లలో మిగిలినదాన్ని కూలీలు ఊపిరాడని దుమ్ములో నిలబడి పారలతో, లేదా మోటారు తాడుతో లాగే పవర్ షోవెల్‌తో తలుపు వైపు తెచ్చేవారు. పెద్ద టెర్మినళ్లలో వ్యాగన్‌నే ఎత్తి వంచే యంత్రాలుండేవి.

1961లో అమెరికాకు చెందిన సదరన్ రైల్వే ‘బిగ్ జాన్’ అనే అల్యూమినియం హాపర్ వ్యాగన్లు తెచ్చింది. ఒక్కోటి సుమారు 100 టన్నులు మోసేది. పైనుంచి నింపడం, అడుగు గేట్లు తెరిచి వదలడం, అంతే పని. ఆగ్నేయ రాష్ట్రాల కోళ్ల రైతులకు ఇది పెద్ద మేలు. వీటి తక్కువ చార్జీలపై వివాదం 1963లో అమెరికా సుప్రీంకోర్టుకెక్కింది.

ఇక భారతీయ రైల్వేలో అయితే, బాక్స్‌కారులా బస్తాలు మోసే మూత వ్యాగన్ కోడ్ బీసీఎన్.