పోటీ పరీక్షల ప్రత్యేకం: గాలి కాలుష్యం – వాతావరణ మార్పు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి, ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. భూతాపం వల్ల సముద్రం వేడెక్కేకొద్దీ తుపాన్ల తీవ్రత పెరుగుతుంది. భూతాపానికీ, గాలి కాలుష్యానికీ ప్రధాన మూలం ఒకటే: బొగ్గు, డీజిల్ వంటి ఇంధనాలను మండించడం. అందుకే కాలుష్య నియంత్రణ మండలి తీసుకునే చర్యలు వాతావరణ పరిరక్షణకూ తోడ్పడతాయి.

గుర్తుంచుకోండి
• ఏపీ కాలుష్య నియంత్రణ మండలి: 1976లో ఏర్పడింది.
• వాయు చట్టం, 1981: సెక్షన్ 21 ప్రకారం, మినహాయింపు ఉన్నవి తప్ప, పరిశ్రమలకు మండలి సమ్మతి తప్పనిసరి.
• గాలి నాణ్యత సూచీ: 2014లో ప్రారంభం, 8 కాలుష్యకాలు, 6 శ్రేణులు.
• జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం: 2019 జనవరి. రాష్ట్రం నుంచి 13 నగరాలు. వాటిలో శ్రీకాకుళం ఒకటి.
• బ్లాక్ కార్బన్ (మసి): నిమ్మాడ, టెక్కలి, పలాస మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారిపై డీజిల్ వాహనాలు ఒక మూలం. పలాస జీడి పరిశ్రమలో పిక్కలను కాల్చే బదులు ఆవిరితో ఉడికిస్తే పొగ తగ్గుతుంది. మసి గాలిలో కొద్ది రోజులు, వారాలే ఉంటుంది. కాబట్టి తగ్గిస్తే ఫలితం త్వరగా కనిపిస్తుంది.

మాదిరి ప్రశ్న: కిందివాటిలో గాలిలో అతి తక్కువ కాలం నిలిచేది?
1) కార్బన్ డయాక్సైడ్ 2) మీథేన్ 3) బ్లాక్ కార్బన్ 4) నైట్రస్ ఆక్సైడ్
జవాబు: 3