మేక, గొర్రె, పత్తి - జీవజాతి అంటే ఏమిటి?

దేవరకొండ చుట్టుపక్కల ఊళ్లలో మేకలు, గొర్రెలు ఒకే మందలో మేయడం మనకు కొత్త కాదు. ఒకే కుంటలో నీళ్లు తాగుతాయి, ఒకే దొడ్డిలో పడుకుంటాయి. అయినా మేకకు మేకపిల్లే పుడుతుంది, గొర్రెకు గొర్రెపిల్లే పుడుతుంది. ఎప్పుడైనా ఈ రెండూ కలిసినా, పిండం చాలావరకు కడుపులోనే చనిపోతుంది. మేక కణంలో క్రోమోజోములు 60, గొర్రె కణంలో 54. గొంగడికి ఉన్ని ఇచ్చే నల్ల దక్కనీ గొర్రెను, ఉన్ని లేని నెల్లూరు గొర్రెను కలిపితే మాత్రం పిల్లలు పుడతాయి, ఆ పిల్లలూ ఈనుతాయి.

జీవశాస్త్రజ్ఞులు పట్టుకున్న తేడా ఇదే. ప్రకృతిలో తమలో తాము కలిసి సంతానాన్ని కంటూ, ఇతర ప్రాణులతో అలా కలవలేని సముదాయమే ఒక జీవజాతి అని ఎర్నెస్ట్ మేయర్ 1942లో నిర్వచించాడు. రంగు, ఎత్తు, కొమ్ముల వంపు ఇందులో లెక్కకు రావు.

తెలుగులో మనకొక చిక్కు ఉంది. గొర్రెల రకానికీ, దేశ ప్రజలకూ, కులానికీ 'జాతి' అనే ఒక్క మాటనే వాడుతున్నాం. "వాళ్ల జాతి వేరు" అని పెళ్లి మాటల దగ్గర అనడం వినే ఉంటారు. జీవశాస్త్రం ఆ మాటకు సాక్ష్యం చెప్పదు. తండాలో పుట్టినా, వాడలో పుట్టినా, పట్నంలో పుట్టినా మనుషులంతా ఒకే జీవజాతి.

నిర్వచనం అన్నిచోట్లా అతకదు. మూపురమున్న మన ఆవుకూ, మూపురం లేని ఐరోపా ఆవుకూ లిన్నేయస్ 1758లో రెండు జాతుల పేర్లు పెట్టాడు. జెర్సీ సంకర ఆవులేమో చక్కగా ఈనుతున్నాయి! అందుకే ఆ రెంటినీ ఉపజాతులనే వారు చాలామంది ఉన్నారు. బాక్టీరియా జతకట్టదు, చీలిపోతుంది. అక్కడ జన్యువులను చూడవలసిందే.

మరి కొత్త జాతి ఎలా పుడుతుంది? సాధారణంగా ఎడబాటు వల్ల. తిరుమల కొండల రాతి సందుల్లో ఉండే బంగారు బల్లికి దగ్గరి బంధువు శ్రీలంకలో ఉంది. ఒకే పూర్వీకుల సంతతి రెండు చోట్ల విడిపోయి, తరతరాలుగా ఎవరి దారిన వారు మారి, రెండు జాతులైంది. దీనికి చాలా కాలం పడుతుంది.

ఒక్కోసారి అంత కాలం అక్కరలేదు. మన చేలలోని పత్తినే చూడండి. దేశవాళీ పత్తికి క్రోమోజోములు 26, అమెరికా పత్తికి 52. సుమారు 10 నుంచి 20 లక్షల ఏళ్ల క్రితం అమెరికా ఖండంలో, మన దేశవాళీ పత్తికి బంధువైన ఒక మొక్క అక్కడి మరో పత్తితో కలిసింది. రెంటికీ 26 చొప్పునే. పిల్ల మొక్కకు 13, 13 వచ్చాయి గాని, ఒకదానికొకటి జోడు కుదరలేదు. జోడు కుదరనిదే గింజ పట్టదు. ఇంతలో ఆ క్రోమోజోములన్నీ రెట్టింపై 52 అయ్యాయి. ప్రతిదానికీ జోడు దొరికింది, గింజ పట్టింది. కొత్త జాతి పుట్టింది.

నేడు మన రైతులు వేసే బీటీ పత్తి చాలావరకు ఆ మొక్క సంతతే. దాన్ని దేశవాళీ పత్తితో సంకరం చేస్తే పిల్లకు 26, 13 కలిసి 39 వస్తాయి. ఆ మొక్క ఎదుగుతుంది, పూస్తుంది. గింజ మాత్రం సాధారణంగా పట్టదు.